నీరు ఏ దారిని పోవును?

ఇల్లు కొనదలచినపుడు మనము వాస్తు విచారింతుము. నూతినీరు మంచిదో, ఉప్పనో రుచిచూతుము. బడి, బజారు ఎంతదూరమో కనుగొందుము. పెద్దవాన కురిసిన రాత్రి ఆ వీథిలోని నీరు ఏ దారిని పోవునని విచారించువారు మాత్రము అరుదు. పసుపుకుంకుమల క్రింద వచ్చిన పొలమును అమ్మి, నగలు కుదువబెట్టి కొన్న ఇల్లు ఒక్క రాత్రిలో నీటిపాలైన, ఆ దుఃఖము ఇల్లాలికే ఎక్కువ. కావున సోదరీమణులు ఈ ప్రశ్నను ఇంజనీర్లకే విడిచిపెట్టరాదని మా యభిప్రాయము.

హైదరాబాదు నగరమే ఇందుకు నిదర్శనము. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచెత్తెను. ఎగువనున్న చెరువులు రెండువందలకు పైగా తెగి, ఆ నీరు నదిలో బడుట ఆ ప్రళయమును మిక్కిలి హెచ్చించెను. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నదిని పరిశీలించి, ఎగువనే వరదను నిలుపు జలాశయములు కట్టవలెనని సూచించిరి. 1920లో గండిపేట చెరువు, 1927లో హిమాయత్ సాగరము పూర్తియయ్యెను. ముంచిన నీరే త్రాగునీరయ్యెను.

అయినను 2020 అక్టోబరులో పాతబస్తీకి దాపున గుఱ్ఱంచెరువు కట్ట తెగి, హఫీజ్ బాబానగరులోని ఇండ్లు మునిగెను. ఈసారి అచ్చటివారిని ముంచినది చెరువు. పూర్వము ఒక చెరువు నిండిన, మిగులునీరు కాలువవెంట దిగువ చెరువునకు జేరెడిది. నగరము పెరిగి పెక్కుచోట్ల ఆ కాలువలపై ఇండ్లు లేచినవి. దారి మూసిన, నీరు వీథినే దారి చేసికొనును. పైగా భూమి వేడెక్కుచున్నది. ఒక డిగ్రీ వేడి హెచ్చిన, గాలి సుమారు 7 శాతము ఎక్కువ ఆవిరిని మోయగలదు. కావున తాతలనాటి వానలెక్కలతో కట్టిన కాలువలు నేటి వానలకు చాలవు.

నగరపు బలమును మేడల యెత్తుతో కొలువరాదు. ఉపద్రవము వచ్చినపుడు త్రాగునీరు, దీపము, ఆసుపత్రి నిలుచునా? ఆగినవి ఎన్నాళ్లకు మరల నడచును? ముందు మునుగు పేట లేవి? అందలి వృద్ధులను, బాలింతలను ఎచ్చటికి జేర్తురు? వీనికి ముందే సమాధానము గల నగరమే గట్టి నగరము.

ఇల్లాలు చేయదగిన పరీక్షయు కలదు. బయానా ఇచ్చుటకు ముందు ఆ సర్వే నంబరు చెరువు శిఖమో, నాలా హద్దో పాతపటములో చూపింపుడనవలెను. వానకాలమున ఒకమారు స్వయముగా వెళ్లి చూడవలెను. ఆ వీథిలో చిరకాలముగా నున్న ముసలమ్మను పలుకరించి, "అమ్మా, ఇచ్చట నీరు ఎంతవరకు వచ్చినది?" అని అడుగవలెను. గోడమీది నీటిచార అబద్ధమాడదు. ఇదివరకే కొన్నవారు దస్తావేజులను పైయరలో భద్రపరచి, వరదవేళ పిల్లలతో ఎచ్చటికి పోవలెనో నేడే నిశ్చయించుకొనవలెను.

ఇక ఓటు అడుగవచ్చిన పెద్దలను పసుపుకుంకుమలతో మర్యాదచేసి పంపుటతో సరిపుచ్చకుడు. మన పేట నీరు ఏ దారిని పోవునో చెప్పుమని వాకిటనే నిలిపి యడుగుడు.