నొప్పి ఒకటే, బతుకులు వేరే

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి బస్తాలు మోసే హమాలీకి నడుం నొప్పి. అదే యార్డులో కూచోని లెక్కలు రాసే గుమస్తాకీ నడుం నొప్పే. ఇద్దరిదీ ఒకే తీరు నొప్పి అనుకుందాం. గుమస్తా మాత్ర మింగి, ఈపుకు దిండు పెట్టుకోని పని చేసుకుంటాడు. హమాలీకి అట్ల కుదరదు. నడుం వంగకపోతే ఆ పొద్దు కూలి లేదు.

మూడు నెలలు దాటినా పోని నొప్పిని డాక్టర్లు దీర్ఘకాలిక నొప్పి అంటారు. అది మనిషిని ఎంత కూలదోస్తాదనేది ఒక్క నొప్పిని బట్టే ఉండదు. వయసు, ఆడా మగా, చదువు, చేసే పని, చేతిలో దుడ్లు, అన్నీ కలిసే తేలుస్తాయి. చానా దేశాల పరిశోధనల్లో కనపడిన సంగతే ఇది.

ఎమ్మిగనూరు చూడండి. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టి పొద్దంతా వంగి నేస్తే నడుం, మెడ పట్టేస్తాయి. పక్కన కండెలు చుట్టే ఆడామె భుజం నొప్పి మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. అది ‘ఇంటి పని’ కదా! ఆమెకు ఆపైన వంట, నీళ్లు, బట్టలు ఉండనే ఉంటాయి. చదువు లేనందుకు కూచోని చేసే ఇంకో పని దొరకదు. కోసిగి దిక్కునుంచి గుంటూరు మిరప కోతలకు సుగ్గి పోయే ఆడోళ్లదీ ఇదే కత.

సర్కారు లెక్క ఇంకో తీరు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఉత్త నొప్పికి అందులో చోటు లేదు. సదరం క్యాంపులో ఎక్కువగా చూసేది కీలు ఎంత వంగుతాంది, కండకు బలమెంత అని. 40 శాతం రాకపోతే నెలకు 6,000 రూపాయల పింఛను లేదు. చేనేత పింఛను 50 ఏళ్లకు, ముసలోళ్ల పింఛను 60కి. మరి 40 ఏళ్లకే నడుం పోయిన మనిషి ఏం తిని బతకాల?

అందుకే ఇంట్లో అమ్మను ‘నొప్పి ఎంతుంది?’ అని అడిగి ఊరుకోవద్దు. ‘ఏ పని చేసేకి కావడం లేదు?’ అని అడగండి. ఆమె చెప్పింది రాసుకోని డాక్టరుకు చూపించండి. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, ఒంటేలు పట్టు తప్పినా ఆ పొద్దే ఆస్పత్రికి తీస్కపోండి. నొప్పి ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. ఆగిపోయిన పని కనపడతాది.