డేగ వేటగాడు నిలబెట్టిన బైరి డేగ

డేగను వేటాడడం కాదు, డేగను మచ్చిక చేసి దాని చేత పిట్టలనో చిన్న జంతువులనో పట్టించడమే డేగ వేట. తెలుగులో ‘సాళువ’ అన్న మాటకు వేట డేగ అనే అర్థం ఉండడం, విజయనగరాన్ని ఏలిన ఒక వంశానికి అదే పేరు కావడం చూస్తే ఈ విద్యకు ఇక్కడ ఉన్న గౌరవం తెలుస్తుంది. రాజుల వినోదంగా పేరుపడ్డ ఈ విద్యను ఒక పక్షి ప్రాణం నిలిపే సాధనంగా మార్చినవారిలో అగ్రగణ్యుడు అమెరికాకు చెందిన టామ్ కేడ్ (1928–2019). బాల్యంలో డేగల మీద కలిగిన మక్కువను కడదాకా వదలని ఆయన, కార్నెల్ విశ్వవిద్యాలయంలో పక్షిశాస్త్ర ఆచార్యుడిగా పనిచేశారు.

వేటగాళ్లు అన్నింటికన్నా మిన్నగా ఎంచే బైరి డేగ, గంటకు 300 కిలోమీటర్లకు మించిన వేగంతో ఆకాశం నుంచి దూకే పక్షి, 1960ల నడుమకు తూర్పు అమెరికాలో గూడు కట్టడమే మానేసింది. పొలాల్లో చల్లిన డీడీటీ అనే పురుగుమందు, పురుగుల నుంచి పిట్టల్లోకి, పిట్టల నుంచి డేగ ఒంట్లోకి చేరి, గుడ్డు పెంకుకు అందవలసిన సున్నాన్ని అందకుండా చేయడంతో, పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్లు పగిలిపోయేవి. అమెరికాలో 1972లో డీడీటీని నిషేధించినా, పక్షే లేని చోట నిషేధం ఒక్కటే పక్షిని పుట్టించలేదు.

అందుకే కేడ్ 1970లో పెరిగ్రిన్ ఫండ్ అనే సంస్థను స్థాపించి, బైరి డేగలను గదుల్లో జతకట్టించి పిల్లలను తీయడానికి పూనుకోగా, ఎందరో వేటగాళ్లు తాము సాకిన పక్షులను దానికి అప్పగించారు. ప్రాణంగా చూసుకున్న డేగను వదులుకోవడం సామాన్యమైన త్యాగం కాదు. తొలి విడత గుడ్లు తీసేస్తే తల్లి మళ్లీ పెడుతుంది కనుక, తీసిన గుడ్లను యంత్రంలో పొదిగించి సంతానాన్ని పెంచారు. 1973లో 20 పిల్లలు చేతికి వచ్చాయి.

అసలు చిక్కు ఆ పిల్లలను అడవికి అప్పగించడంలో ఉండగా, దానికి దారి చూపింది వేటగాళ్ల పాత పద్ధతే. హ్యాకింగ్ అనే ఆ పద్ధతిలో, ఎగరడం రాని పిల్లలను ఎత్తైన చోట ఉంచి రోజూ మేత పెడుతూ స్వేచ్ఛగా ఎగరనిచ్చి, అవి సొంతంగా వేటాడడం మొదలుపెట్టగానే తిరిగి పట్టుకుంటారు. కేడ్ బృందం ఆ చివరి మెట్టును వదిలేసింది. కొండ చరియ మీదో గోపురం మీదో ఊచలు బిగించిన పెట్టెలో పిల్లలను ఉంచి, మేత తెచ్చే మనిషి వాటి కంటపడకుండా గొట్టం గుండా మాంసం జార్చి, రెక్కలు ముదిరాక తలుపు తీసి, అవి తమంతట వేటాడే దాకా మేత పెట్టి, ఆ తర్వాత వాటి దారిన వాటిని పోనిచ్చారు. మచ్చిక చేయడం ఎంత తెలిసినవాడికి మచ్చిక కాకుండా పెంచడం అంత తెలుస్తుంది.

అలా ఆ సంస్థ విడిచిన పక్షులు 4,000 దాటగా, 1999లో అమెరికా ప్రభుత్వం బైరి డేగను ప్రమాదంలో ఉన్న జీవుల పట్టిక నుంచి తొలగించింది. డేగ వేటకూ దీనివల్ల జరిగిన మేలు తక్కువది కాదు: అడవి నుంచి పక్షులను తెచ్చుకోవడం తప్ప గతి లేని వేటగాడికి, పెంపకంలో పుట్టిన పక్షి దొరకసాగింది. అడవి పక్షులు కూడా తగినంతగా పెరగడంతో, వలస దారిలో వచ్చే లేత బైరి డేగలను పరిమిత సంఖ్యలో పట్టుకోవడానికి 2009లో మళ్లీ అనుమతి లభించింది.