వేడి ప్రాంతంలో హాప్స్: అడ్డం ఎండ కాదు, పగటి నిడివి

హాప్స్ వీడియో కింద ఎక్కువమంది అడిగింది ఒకటే: "కిలో లక్ష రూపాయల పంట ఇదేనా? మన దగ్గర వస్తుందా?" వీడియోలో చెప్పడానికి టైం చాలని లెక్కలు కొన్ని ఉన్నాయి. అవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ లక్ష సంగతి తేల్చేద్దాం. 2021లో బీహార్‌లోని ఔరంగాబాద్ జిల్లాలో ఒక రైతు కిలో లక్ష రూపాయలు పలికే హాప్ చిగుళ్లు పండిస్తున్నాడని ఫోన్లలో తెగ తిరిగింది. విలేకరులు వెళ్లి చూస్తే అక్కడ ఆ పంటే లేదు. అయినా ఆ మెసేజ్ ఇప్పటికీ ఏదో ఒక గ్రూపులో కనబడుతూనే ఉంటుంది. నిజానికి చిగుళ్లు హాప్స్‌లో అసలు పంట కాదు. ఒక్కో మొక్క నుంచి బోలెడు పిలకలు వస్తాయి, రైతు వాటిలో మూడు నాలుగు ఉంచి మిగతావి తీసేస్తాడు. బెల్జియం లాంటి చోట్ల సీజన్ మొదట్లో వాటిని చేత్తో ఏరి కూరగా అమ్ముతారు కాబట్టి ధర ఎక్కువ. అంతే తప్ప ఎకరాలకు ఎకరాలు వేసి లక్షలు తెచ్చే వ్యవహారం కాదు.

అసలు పంట పువ్వు. బీరుకు చేదు, వాసన ఇచ్చేది హాప్స్ ఆడపువ్వే. పచ్చగా, చిన్న పొలుసుల బుట్టలా ఉంటుంది, లోపల పసుపు రంగు పొడి ఉంటుంది. గంజాయి కుటుంబానికి చెందిన మొక్కే, కానీ గంజాయిలో ఉండే మత్తు పదార్థం ఇందులో లేదు. ఆకు ద్రాక్షాకును పోలి ఉంటుంది. ఆగాకరలో లాగే మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. తేడా ఏమిటంటే ఆగాకరకు మగ తీగ లేకపోతే కాయ కట్టదు, హాప్స్‌కు మగ తీగ అవసరమే లేదు. ఉంటే పువ్వులో గింజలు పడి సరుకు చెడుతుంది.

గోంగూర తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది

హాప్స్ చలిదేశపు పంట కాబట్టి మన ఎండకు తట్టుకోదు అని అందరూ అనుకుంటారు. ఎండ కష్టమే, కాదనను. కానీ అంతకంటే పెద్ద అడ్డం పగటి నిడివి.

గోంగూర ఆలస్యంగా, వానాకాలం చివర్లో విత్తితే ఏమవుతుంది? మూరెడు ఎత్తు పెరగకుండానే పూతకొస్తుంది. పగలు తగ్గిందని మొక్కకు తెలిసిపోతుంది. నాటు చిక్కుడు దానికి తిరగలి. ఎండాకాలంలో పెట్టిన పాదు పందిరంతా పాకుతుంది గానీ చలికాలం దాకా పూయదు. హాప్స్‌ది కూడా ఇదే స్వభావం, పగలు తగ్గితే పూస్తుంది. కాకపోతే "తక్కువ పగలు" అంటే దాని లెక్క వేరు. రకాన్ని బట్టి సుమారు 15, 16 గంటల కంటే పగలు తగ్గితే చాలు, పూతకు సిద్ధమవుతుంది.

ఇప్పుడు చూడండి. అమెరికాలో హాప్స్‌కు పేరుపడ్డ యాకిమా లోయలో జూన్‌లో పగలు దాదాపు 16 గంటలు. జర్మనీలోని హాలర్టావులో 16 దాటుతుంది. అక్కడ తీగ వసంతం అంతా ఆగకుండా పెరిగి, అయిదారు మీటర్ల ఎత్తు తాడు చివరకు చేరి, అప్పుడు పగలు తగ్గుతుంటే కొమ్మకొమ్మకూ పూస్తుంది. హైదరాబాద్‌లో ఏడాదిలో అన్నిటికంటే పెద్ద పగలు 13 గంటల పైన కాసిని నిమిషాలు. అంటే మన దగ్గర హాప్స్‌కు ఏడాది పొడుగునా "పూసే కాలమే". నాటిన తీగ కొన్ని కణుపులు వేయగానే నాలుగు పూలు పూసి ఆగిపోతుంది. ఎంత జీవామృతం పోసినా దాన్ని ఆపలేం. లోపం మట్టిలో లేదు.

ఫ్లోరిడావాళ్లు ఏం చేశారు

ఫ్లోరిడా మన మాదిరే వేడి, ఉక్క, ఇసుక నేల ఉన్న ప్రాంతం. ఓర్లాండో దగ్గర అపోప్కాలో, టాంపా దగ్గర విమౌమాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పరిశోధనా కేంద్రాలున్నాయి. అక్కడ పెద్ద పగలు 14 గంటలు. మొదట్లో వాళ్లకూ ఇదే సమస్య వచ్చింది, తీగ పొట్టిగా ఉండగానే పూత. అప్పుడు తోటలో ఎల్ఈడీ లైట్లు పెట్టి సాయంత్రం పూట వెలిగించారు. మొక్కకు పగలు 17 గంటలు ఉన్నట్టు అనిపించేలా చేశారు. తీగ పైదాకా ఎక్కాక లైట్లు ఆపేశారు. పూత ఒక్కసారిగా వచ్చింది. పైగా అక్కడ చలి తక్కువ కాబట్టి ఏడాదికి రెండు కోతలు తీయగలిగారు. యాకిమాలో ఒక్కటే కోత. వాళ్లు చూసిన రకాల్లో కాస్కేడ్ అనేది బాగా నిలబడింది.

మన డ్రాగన్ ఫ్రూట్ రైతులు రాత్రిళ్లు లైట్లు పెట్టేది పూత రావడానికి. హాప్స్‌లో పెట్టేది పూత రాకుండా ఆపడానికి. కర్ణాటక వైపు చామంతి తోటల్లో బల్బులు వేలాడదీసేది కూడా ఇందుకే. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతాదంతా దానంతటదే వస్తుంది.

ఇంకో అనుమానం, "దీనికి చలి నిద్ర కావాలి కదా, కొంతకాలం ఫ్రిజ్‌లో పెట్టాలా?" అక్కర్లేదు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి చెందిన బావర్లే 2019లో ప్రచురించిన పరిశోధనలో, చలి తగలని మొక్కలు కూడా పగటి నిడివి సరిగ్గా ఇస్తే చక్కగా పూశాయి. వేడి ప్రాంతాలకు హాప్స్ దారి తెరిచింది నా దృష్టిలో ఈ పరిశోధనే.

మిద్దె మీద ఎలా చేయాలి

మొక్క తెచ్చుకునే దగ్గరే సగంమంది డబ్బు పోగొట్టుకుంటారు. ఆన్‌లైన్‌లో దొరికే విత్తనం కొనకండి. మొలిచినవాటిలో సుమారు సగం మగవి, మిగతా సగం ఏ రకమో ఎవరికీ తెలీదు. రకం పేరు తెలిసిన ఆడ మొక్క నుంచి తీసిన వేరు దుంప ముక్కగానీ, కొమ్మ కత్తిరింపుగానీ కావాలి. అమెరికా నుంచి వచ్చే మేనల్లుడి సూట్‌కేసులో తెప్పించుకుందాం అనుకోవద్దు. నాటే సరుకు ఏదైనా దిగుమతి అనుమతి, అక్కడి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుండా తేవడం చట్టవిరుద్ధం. దానితో వచ్చే తెగులు మీ మిద్దె మీదే ఆగుతుందన్న నమ్మకమూ లేదు. ఫ్లోరిడాలో, టెక్సాస్‌లో ఉన్న మనవాళ్లకు మాత్రం ఈ బాధ లేదు. అక్కడి నర్సరీల్లోనే వసంతంలో దుంపలు దొరుకుతాయి.

50 లీటర్లకు తగ్గని డ్రమ్ముగానీ, గ్రో బ్యాగుగానీ తీసుకోండి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కాస్త ఇసుక కలిపి, రెండు గుప్పెళ్ల ఘనజీవామృతం, ఒక గుప్పెడు వేపపిండి వేయండి. వేపపిండి ఎందుకంటే వేరుబుడిపె నులిపురుగు హాప్స్‌కూ పడుతుంది, ఫ్లోరిడా ఇసుక నేలల్లో ఇది పెద్ద బెడద. మొదట్లో రెండు బంతి మొక్కలు పెడితే ఇంకా మంచిది. నీళ్లు బాగా తాగే మొక్కే గానీ, అడుగున నిలిస్తే వేరు కుళ్లుతుంది. పైన ఎండుగడ్డి మూడు అంగుళాల మందాన ఆచ్ఛాదన తప్పనిసరి.

జీవామృతం తక్కువ మోతాదులో చేసుకోవాలంటే 20 లీటర్ల నీళ్లకు కిలో ఆవుపేడ, ఒక లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. డ్రమ్ముకు 15 రోజులకోసారి ఒక లీటరు చాలు. ఎక్కువ పోస్తే ఆకు ముదురు పచ్చగా, మెత్తగా పెరిగి నల్లికి పిలుపు పంపినట్టే.

తీగకు పైనుంచి కిందికి గట్టిగా లాగి కట్టిన తాడు కావాలి. ప్లాస్టిక్ వైరు వద్దు. తీగ ఒంటి మీద కొక్కేల్లాంటి గరుకు నూగు ఉంటుంది, అది పీచు తాడునే పట్టుకుంటుంది. అమెరికా తోటల్లో వాడేది కూడా కొబ్బరి పీచు తాడే. మిద్దె మీద పదడుగుల ఎత్తు సరిపోతుంది. మూడు నాలుగు బలమైన పిలకలు ఉంచి, పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తాడుకు చుట్టండి. ఎదురు వైపు చుడితే తెల్లారేసరికి విడిపోతుంది. తీసేసిన పిలకలు బచ్చలి చిగుళ్లలా పప్పులో వేసుకోవచ్చు. లక్ష రూపాయల కూర ఇంట్లో తిన్నట్టు. నూగు వల్ల చేతులు దురద పెడతాయి, పొడవు చేతుల చొక్కా వేసుకుని పని చేయండి.

ఇక లైట్లు. మన వాతావరణానికి నేను వేసే లెక్క ఇది. నవంబర్ మొదట్లో మొక్కను నేల మట్టానికి కత్తిరించి కొత్త పిలకలు రానివ్వాలి. ఆ రోజు నుంచే 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు రెండు, తీగకు రెండు వైపులా, టైమర్‌తో పొద్దు గూకే ముందు వెలిగి రాత్రి 11:45కు ఆగేలా పెట్టాలి. పసుపు ఛాయ ఉన్న బల్బు తీసుకోండి. మొక్క పగలు రాత్రి తేడా కనిపెట్టేది ముఖ్యంగా ఎర్రటి కాంతితో, అది తెల్ల బల్బులో తక్కువ. తీగ పెరగడానికి పగటి ఎండ ఎలాగూ ఉంది, ఈ వెలుతురు "ఇంకా రాత్రి కాలేదు" అని చెప్పడానికే కాబట్టి కొద్దిపాటిది చాలు. రోజుకు ఆరు గంటలు, రెండు బల్బులు అంటే నెలకు మూడు యూనిట్లు కాస్త పైన.

తీగ తాడు చివరకు చేరాక, సుమారు జనవరి ఆఖరుకు, లైట్లు పూర్తిగా ఆపాలి. వీధి దీపం, వరండా లైటు దాని మీద పడకుండా చూసుకోవాలి, లేకపోతే పూత వెనక్కి పోతుంది. పూత మొదలైన నెలన్నర, రెండు నెలలకు కోత, అంటే మార్చి, ఏప్రిల్ మొదటి వారం. ముదురు ఎండలకు ముందే పువ్వు చేతికి రావాలనే ఈ నవంబర్ లెక్క. వానాకాలంలో పువ్వు వస్తే తడికి బూజు పడుతుంది. ఇంకో జాగ్రత్త: అదే లైటు పక్కన చిక్కుడు, గోంగూర, చామంతి ఉంటే వాటి పూతా ఆగుతుంది. వాటిని దూరంగా జరపండి.

ఫిబ్రవరి చివర్లో ఎర్రనల్లి వస్తుంది. ఆకు అడుగున సన్నని చుక్కలు, బూజు దారాలు కనబడితే ముందు నీళ్లను ఆకు అడుగుకు తగిలేలా గట్టిగా కొట్టండి, తగ్గకపోతే నీమాస్త్రం. బూడిద తెగులుకు పుల్లటి మజ్జిగ. కానీ పువ్వు కట్టాక మూత్రం, పేడ కలిసిన కషాయం ఏదీ పైన కొట్టొద్దు. ఆ పువ్వును కడగం, అలాగే ఎండబెట్టి వాడతాం.

పువ్వు నొక్కితే కాగితంలా గరగరలాడి మళ్లీ ఉబ్బాలి, లోపలి పొడి ముదురు పసుపు రంగులో ఉండి వేళ్లకు జిగురుగా అంటాలి. అప్పుడు కోసి, నీడలో గాలి తగిలేలా పలచగా ఆరబోయండి. పచ్చి పువ్వులో దాదాపు 80 శాతం నీరే, కాబట్టి అయిదు కిలోలు కోస్తే కిలో పైచిలుకు మిగులుతుంది. గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టాలి, బయట ఉంటే వాసన పోతుంది.

యాకిమాలో ఎకరానికి 800 నుంచి 900 కిలోల ఎండు పువ్వు తీస్తారు. లైట్లు పెట్టినా ఫ్లోరిడావాళ్లు ఆ దరిదాపులకు రావడం కష్టమే. మన దేశంలో హాప్స్ పండించిన హిమాచల్‌లోని లాహౌల్ లోయ రైతులే గిట్టుబాటు ధర లేక చాలామంది బఠానీ, కాలీఫ్లవర్‌కు మారిపోయారు. ఎకరం వేస్తానని ఫోన్ చేసేవాళ్లకు నా జవాబు వద్దనే. రెండు డ్రమ్ముల్లో వేస్తానంటే వేయండి అంటాను. ఎండు పువ్వు నాలుగైదు వేడినీళ్లలో వేస్తే చేదు టీ అవుతుంది, కాస్త మగతనిస్తుంది. నిద్ర మాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు తాగకూడదు. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం మన రెండు రాష్ట్రాల్లోనూ నేరం, అది అడగొద్దు. ఇంట్లో కుక్క ఉంటే రాలిన పువ్వు కూడా దానికి అందనివ్వకండి. హాప్స్ తిన్న కుక్కకు ఒళ్లు విపరీతంగా కాలిపోయి ప్రాణం మీదకు వస్తుంది, వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.