మళ్లీ మునిగే ఇంటికి విరాళమా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మీద పడింది. కొన్ని వీధుల్లో వారం దాటినా నీళ్లు తీయలేదు. ఆ రోజుల్లో తెలుగువాళ్లు చేతికి ఎముక లేనట్టే ఇచ్చారు. సినిమావాళ్లు కోట్లు ప్రకటించారు, ఉద్యోగులు ఒకరోజు జీతం వదులుకున్నారు, పిల్లలు కిడ్డీ బ్యాంకులు పగలగొట్టారు. నీళ్లు దిగాక మాత్రం, ఇచ్చినవాళ్లలోనే చాలామందికి ఒక అనుమానం మొదలైంది. 2005లోనూ ఇదే బుడమేరు బెజవాడను ముంచింది కదా; అక్కడే మళ్లీ సున్నం వేసుకుని, అక్కడే మళ్లీ ఫ్రిజ్ కొనుక్కుని కూర్చుంటే, ఇంకోసారి మునిగినప్పుడు కూడా చందా మనమేనా? ఇది దయలేని ప్రశ్న కాదు. కష్టపడి సంపాదించిన రూపాయి ఎక్కడికి పోతోందో అడిగే హక్కు ఇచ్చేవాడికి ఉంది. అన్నం పొట్లానికీ, మందుబిళ్లకూ, పడవకూ ఆ ప్రశ్న వర్తించదు. పీకల్లోతు నీళ్లలో ఉన్నవాణ్ని ఇక్కడ ఇల్లెందుకు కట్టావని ఎవరూ అడగరు, అడగకూడదు. ప్రశ్నంతా పునర్నిర్మాణం దగ్గరే. నా మట్టుకు నేను ఇవ్వాలనే అంటాను. అయితే మునిగిన ఇంటిని మునిగిన ఎత్తులోనే మళ్లీ నిలబెట్టడానికి కాదు. వరద మట్టానికీ ఇంటి గచ్చుకూ మధ్య ఎడం పెంచడానికి.

ముందుగా, ఆ జనం అక్కడెందుకున్నారో చూడాలి. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటిలో కలిసే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరద నీటిని డైవర్షన్ కాలువలోకి మళ్లించి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు చేశారు. కృష్ణ ఖాళీగా ఉన్నంతకాలం ఆ ఏర్పాటు బాగానే పనిచేస్తుంది. ఆ వరద రోజుల్లో కృష్ణ ఖాళీగా లేదు. బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2009 అక్టోబరు రికార్డు 11.10 లక్షలను దాటిపోయింది. నది నిండితే కాలువ నీళ్లు ఎక్కడికి పోతాయి? కాలువ గట్టుకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి, సైన్యం దిగి మూడో గండి పూడ్చేసరికి సెప్టెంబరు 7 అయింది. ఈలోగా నీళ్లు తమ పాత దారి పట్టాయి. ఆ దారిలో ఇప్పుడు ప్లాట్లున్నాయి. దారి చివర కొల్లేరులో చేపల చెరువుల గట్లున్నాయి, కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు ఇరుకై ఉంది. ఇందులో సింగ్ నగర్‌లో అద్దెకుండే ఆటో డ్రైవరు చేసిన తప్పేమిటో వెతికినా దొరకదు.

ఆక్రమణ అనే మాట నోటికి తేలిగ్గా వస్తుంది గానీ, ఆ రోజు మునిగినవాటిలో వాంబే కాలనీ ఉంది. వాంబే అంటే వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన, అంటే పేదల కోసం సర్కారే కట్టిన ఇళ్లు. జక్కంపూడి కాలనీదీ అదే కథ. మిగతా పేటల్లోనూ ప్లాటు రిజిస్ట్రేషన్ అయింది, కరెంటు మీటరు వచ్చింది, ఇంటిపన్ను ఏటా కట్టించుకున్నారు. నీళ్లు వచ్చిన రోజున మాత్రం అది వాగు అని అందరికీ గుర్తొచ్చింది. నీటి దారిలో నేల చవక, నేల చవకైన చోట అద్దె చవక. ఆ అద్దె మీద బతికే పెయింటర్లు, టైలర్లు, హోటల్ కుర్రాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు లేకపోతే బెజవాడకు ఒక్క రోజు గడవదు. నగరం తన వరదను వాళ్ల మీదికి తోసేసి తను పొడిగా ఉంటోంది. ఆ లెక్కన చూస్తే చందా పూర్తిగా దానం కూడా కాదు, కొంత బాకీ.

దీనికి ఆర్థికవేత్తలు చెప్పే అభ్యంతరం ఒకటుంది: నష్టాన్ని ఇంకొకరు భరిస్తారని తెలిస్తే మనిషి ప్రమాదం దగ్గరికే జరుగుతాడు. కొట్టిపారేయదగ్గ మాట కాదిది. వరద నష్టంలో చాలావరకు మనిషి చేతులారా చేసుకున్నదేనని అమెరికన్ భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1940ల్లోనే వాదించాడు. కానీ మనిషిని నీటి దగ్గరికి లాగేది ఏమిటన్నదే అసలు సంగతి. మూసీని చూడండి. 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో హైదరాబాద్‌లో సుమారు 15,000 మంది పోయారని అంచనా. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన జలాశయాలు వచ్చాయి. 1920 నాటికి ఉస్మాన్ సాగర్, 1927 నాటికి హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. నగరం ఊపిరి పీల్చుకుంది. అలా పీల్చుకున్న ధైర్యమే మెల్లగా మూసీ గర్భంలోకి దిగి ఇళ్లు కట్టింది. గేట్లు ఎత్తిన ప్రతిసారీ ఆ బస్తీలు ఖాళీ చేయించాల్సిందే. జనాన్ని వాగులోకి పిలిచింది ఆనకట్ట, రోడ్డు, రిజిస్ట్రేషన్, ఆ పక్కనే దొరికే పని. విరాళం కాదు. 2024లో బుడమేరు ముంపులో కింది అంతస్తు ఇంటికి ప్రభుత్వం ఇచ్చింది 25,000 రూపాయలు, పై అంతస్తుకు 10,000. పాతికవేలు వస్తాయని ఏ ఇల్లాలూ బీరువా నిండా బురద నింపుకోదు.

అయితే అందరినీ అక్కడినుంచి లేపి ఎత్తయిన చోట పెట్టేయవచ్చు కదా అంటారు. కాగితం మీద ఇంతకంటే మంచి ఆలోచన లేదు. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో గ్రాంథమ్ అనే చిన్న ఊరు 2011 జనవరి వరదలో కొట్టుకుపోతే, పక్కనే ఉన్న మిట్టను స్థానిక కౌన్సిల్ కొని, పల్లంలోని స్థలానికి బదులు మిట్టమీద స్థలం ఇచ్చింది. ఏడాది తిరిగేలోగా కొత్త ఇళ్లలో దీపాలు వెలిగాయి. అది కొన్ని వందల మంది ఊరు, మిట్ట కూతవేటు దూరంలో ఉంది, మారడం మారకపోవడం వాళ్ల ఇష్టానికే వదిలేశారు. ఇప్పుడు చెన్నై చూడండి. కూవం, అడయారు ఒడ్డున ఉన్నవాళ్లను వరద పేరు చెప్పి 20 కిలోమీటర్లకు పైగా దూరాన పెరుంబాక్కంలో అపార్టుమెంట్లకు తరలించారు. పాచిపని చేసే మనిషికి రోజు కూలిలో కొంత బస్సు చార్జీకే పోయింది, చాలామందికి పనే పోయింది. ఆ పెరుంబాక్కం ఉన్నది పల్లికరణై చిత్తడి నేల పక్కన. 2015 డిసెంబరులో అదీ నీళ్లలోనే ఉంది. ఇక కోనసీమ లంకల సంగతి సరేసరి. గోదావరి ఏటా తెచ్చే ఒండ్రు మీదే అక్కడ కొబ్బరి, అరటి, కూరగాయలు పండుతాయి. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక రాగానే పశువులను ఏటిగట్టు మీదికి తోలి, సామాను అటకెక్కించి, పడవ సిద్ధం చేసుకోవడం లంకవాళ్లకు తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు. వాళ్లను లేచిపొమ్మనడం ఆ పొలాన్ని కూడా లేచిపొమ్మనడమే. తరలింపు కొన్నిచోట్ల జవాబు కావచ్చు. అన్నిచోట్లా కాదు, అందులోనూ మనిషికీ పనికీ మధ్య దూరం పెరిగేచోట అసలే కాదు.

ముంపు నేలలోనే ఉంటూ నష్టం తగ్గించుకోవడం సాధ్యమేనా అంటే, మన కళ్లముందే రుజువుంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ఊడ్చేసింది. పోయినవాళ్లు దాదాపు పదివేలని లెక్క, అంతకంటే ఎక్కువని అక్కడివాళ్ల మాట. 1990 మేలో అంత బలమైన తుపానే కృష్ణా తీరాన్ని మళ్లీ తాకింది. ఈసారి మృతులు వెయ్యికి లోపు. ఆ పదమూడేళ్లలో తీరం జరగలేదు, జనమూ తీరాన్ని వదల్లేదు. వచ్చిందల్లా కాంక్రీటు తుపాను షెల్టర్లు, ముందస్తు హెచ్చరికలు, ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే కదిలించిన యంత్రాంగం. దివిసీమ పునర్నిర్మాణంలో స్వచ్ఛంద సంస్థల డబ్బు, అంటే ఊరూపేరూ లేని దాతల డబ్బు చాలానే ఉంది. అది బూడిదలో పోసిన పన్నీరు కాలేదు.

తెలుగువారి చందా తెలుగు నేల దాటి పనిచేసిన సందర్భమూ ఒకటుంది. 2018 కేరళ వరదల తర్వాత రామోజీ గ్రూపు, ఈనాడు సహాయనిధికి పాఠకులు పంపిన సొమ్ముతో కలిపి, అలప్పుళ జిల్లాలో 121 ఇళ్లు కట్టించింది. అలప్పుళ ప్రాంతంలో చాలా నేల సముద్రమట్టానికి పెద్ద ఎత్తులో లేదు, కుట్టనాడులో పొలాలైతే దానికి దిగువన ఉంటాయి. వరద ముప్పున్న చోటంటే అదే. ఆ ఇళ్లను కట్టింది పెద్ద కాంట్రాక్టర్లు కారు, తాపీపని నేర్చుకున్న కుటుంబశ్రీ మహిళలు. పర్యవేక్షించింది అప్పటి సబ్ కలెక్టరు, గుంటూరు వైపు నుంచి వెళ్లిన మన కృష్ణతేజ. మొదట అనుకున్నది 116 ఇళ్లు. పొదుపుగా కట్టడంతో మిగిలిన డబ్బు మరో ఐదింటికి సరిపోయింది. దీనికి పూర్తి విరుద్ధమైన కథ న్యూ ఆర్లీన్స్‌ది. 2005 కత్రినా వరద తర్వాత హాలీవుడ్ నటుడు బ్రాడ్ పిట్ మొదలుపెట్టిన సంస్థ లోయర్ నైన్త్ వార్డులో 150 ఇళ్లు కడతానని 109 కట్టింది. పేరున్న ఆర్కిటెక్టుల డిజైన్లు, చూడముచ్చటైన ఇళ్లు, నేలకు ఎత్తుగానే ఉన్నాయి. కానీ ఆ ఊరి తేమకు తగని కలప వాడారు, పైకప్పులు కారాయి, గోడలు బూజుపట్టాయి, 2018లో ఇళ్లవాళ్లు కోర్టుకెక్కారు. నష్టపరిహారం ఒప్పందం 2022లో రెండు కోట్ల డాలర్లు దాటింది. అలప్పుళలో ఆ ఊరి చేతులే కట్టాయి, న్యూ ఆర్లీన్స్‌లో కెమెరా కోసం కట్టారు. తేడా అక్కడుందని నా నమ్మకం.

ఇదంతా సర్కారు పని, మేం పన్నులు కడుతున్నాం కదా అనే మాటకు వద్దాం. నిజమే, పెద్ద పనులన్నీ సర్కారువే. డైవర్షన్ కాలువ వెడల్పు చేయడం, కొల్లేటి నుంచి నీటికి దారివ్వడం ఎంత పెద్ద చందాతోనూ అయ్యేవి కావు, కావాలని కోరుకోవడం కూడా తప్పు. ఆ పనుల గురించి అడగడం ఓటరు బాధ్యత. చందా ఇచ్చామని ఓటరు ఊరుకుంటేనే అసలు నష్టం. కానీ సర్కారు సాయానికి ఒక కొలబద్ద ఉంది: కూలిందా, లేదా? అప్పటి విపత్తు సహాయ నిబంధనల ప్రకారం పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో 1.2 లక్షలు. బుడమేరు ముంపులో ఎక్కువ ఇళ్లు కూలలేదు, నిలబడే నానాయి. నీళ్లు దిగాక ఒక గది ఇంట్లో ఏం మిగులుతుందో తెలిసిందే: మోటారు కాలిపోయిన ఫ్రిజ్, ఉబ్బి పొరలు లేచిన ప్లైవుడ్ మంచం, చిక్కటి బురద పట్టిన కుట్టుమిషను, పిల్లల సర్టిఫికెట్ల ముద్ద. ఫైరింజన్లు వచ్చి బురద కడిగిపెట్టాయి. ఇంటిని అర గజం ఎత్తు పెంచే పద్దు మాత్రం ఏ జీవోలోనూ లేదు. పదిహేనో ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధిలో అయిదో వంతును ముప్పు తగ్గించే పనులకే కేటాయించింది, అది మంచి మార్పే. ఆ డబ్బు గట్లకూ కాలువలకూ వెళుతుంది, అద్దె ఇంటి గచ్చు దాకా రాదు.

చందా దూరాల్సింది ఆ సందులోకే. గచ్చు ఎత్తు పెంచడం, స్విచ్‌బోర్డులనూ మీటర్లనూ వరద గుర్తుకు పైకి మార్చడం, గట్టి అటక, శ్లాబు మీదికి బయటినుంచి మెట్లు, పేటకొక బడికి పై అంతస్తు, నాలుగు వీధులకొక పడవ. వినడానికి చప్పగా ఉంటాయి, శిలాఫలకం మీద చెక్కించుకోవడానికి పనికిరావు. అందుకే వీటికి దాతలు దొరకరు. ఇల్లు యజమానిది, సామాను అద్దెకున్నవాడిది అయిన చోట సాయం ఇద్దరికీ విడివిడిగా చేరాలి. లేకపోతే గచ్చు లేచిన మర్నాడే అద్దె లేస్తుంది. పెంచిన ఇంటికి కొన్నేళ్లు అద్దె పెంచనని యజమానితో ముందే రాయించుకునే పని సంస్థలు చేయగలవు. విదేశాల్లో ఉన్నవారికి ఒక సంగతి: అక్కడి పౌరసత్వం తీసుకుంటే మీ డబ్బు చట్టం దృష్టిలో విదేశీ విరాళం, పుచ్చుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి ఆ చిక్కు లేదు.

ఇవ్వకూడని చోటూ ఉంది. వాగు గర్భంలోనే, గండి పడే గట్టు కిందే కట్టబోయే ఇంటికి ఒక్క ఇటుక కూడా ఇవ్వకండి, అది ఎంత ఎత్తున కట్టినా సరే. అక్కడ నీటి వేగానికి ఎత్తు ఆగదు, ఆ గోడ నీటిని పక్క వీధి మీదికి తోస్తుంది. ఆ కుటుంబానికే ఇవ్వండి, వేరేచోట అద్దె అడ్వాన్సుకు, మారే ఖర్చుకు, పట్టా కోసం తిరిగే వకీలు ఫీజుకు. స్థలంతో పేచీ, మనిషితో కాదు.

వచ్చే వానాకాలం ఎక్కడో ఒకచోట మళ్లీ చందా పుస్తకం తెరుస్తారు. ఇవ్వాలనుకున్నదాంట్లో సగం మునిగిన వారంలోనే అడగకుండా ఇచ్చేయండి, మిగతా సగం దాచి ఉంచండి. ఆరు నెలల తర్వాత పునర్నిర్మాణం పేరుతో వచ్చినవాళ్లను రసీదుతోపాటు ఇంకొకటి కూడా అడగండి: మొన్న నీళ్లు గోడ మీద ఎంతవరకు వచ్చాయి, మీరు వేసే గచ్చు దానికి ఎన్ని అడుగుల పైన ఉంటుంది? అంకె చెప్పగలిగినవాళ్లకు ఆ మిగతా సగం ఇవ్వండి.