గ్రిగ్సన్ దొర

సీమదొరల నందఱను ఒక్క గాట గట్టుట మాకు సమ్మతము గాదు. 1896లో జన్మించిన సర్ విల్‌ఫ్రిడ్ గ్రిగ్సన్ ఐ.సి.ఎస్. ఉద్యోగి. బస్తరు సంస్థానమున పాలనాధికారిగా నుండి, అచ్చటి మాడియా గోండులను గూర్చి 1938లో గ్రంథము ప్రకటించెను. 1940 దశకమున నిజాం ప్రభుత్వమున రెవిన్యూ, పోలీసు శాఖల సభ్యుడాయెను. నాటి మహబూబునగరము జిల్లా అమ్రాబాదు పీఠభూమిపై దుంపలు త్రవ్వుకొని, తేనె దీసి బ్రదుకు చెంచులను పరిశోధించిన హైమెండార్ఫ్ పండితుని సర్కారు కొలువునకు దెచ్చుటలో ఈయన ప్రోద్బలము మెండు. చెంచులకు అడవిలో ప్రత్యేక ప్రాంతమును కేటాయింపబడెను. ఇది మెచ్చదగిన పనియే.

కాని డిండి దాటినచో నల్లగొండ. అచ్చట గడీలలో వెట్టి, నాగులు, బేదఖలు. 1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు కూలెను. శిస్తు గుంజు చేయియు, లాఠీ పట్టు చేయియు నొక్కటియే యైనపుడు రైతు ఎవరికి మొఱ పెట్టుకొనవలెను? భూవసతి గల మా పాఠకులు కోపింపకుందురు గాక: ఆ గడీల నేలినవారు సీమనుండి దిగినవారు కారు, మనవారే.

విభజనానంతరము గ్రిగ్సన్ పాకిస్తాను కొలువు జేరి, 1948లో విమాన ప్రమాదమున మరణించెను. అమ్రాబాదు అడవి నేడు పులుల అభయారణ్యము. చెంచుపెంటలను దింపవలెనను మాట యిప్పటికిని వినవచ్చుచున్నది.