కోకోపీట్‌లో మొక్కకు ఎంత కుండీ కావాలి? చంద్రపూర్ ఎండే చెబుతుంది

చంద్రపూర్‌లో మే నెల వచ్చిందంటే 45 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండలో మిద్దె మీద కుండీలోని మొక్క బతకాలంటే ఏం చేయాలని మన ఇళ్లలో చాలామంది అడుగుతున్నారు. తరాలు మారినా గోంగూర, కరివేపాకు, పచ్చిమిర్చి ఇంట్లోనే పండాలన్న పట్టుదల మనలో పోలేదు. ఇక్కడి సంతలో ‘అంబాడీ’ పేరుతో గోంగూర దొరికినా, మన చేత్తో కోసుకున్న ఆకుతో చేసిన పచ్చడి రుచి వేరు. కానీ క్వార్టర్లలో, అపార్ట్‌మెంట్లలో పెరడు ఎక్కడిది? అందుకే తోట మిద్దె ఎక్కింది, మట్టి బదులు కోకోపీట్ వచ్చింది.

మేమూ అలాగే మొదలుపెట్టాం. ఐదు లీటర్ల నూనె డబ్బాలకు అడుగున బెజ్జాలు చేసి, కోకోపీట్ నింపి వంగ నారు నాటాం. మార్చి వరకు మొక్కలు ముచ్చటగా పెరిగాయి. ఏప్రిల్ చివర్లో పొద్దున్నే నీళ్లు పోసినా పన్నెండు గంటలకల్లా తలలు వేలాడేశాయి. తెగులేమో అనుకుని మందు కొట్టాం. అసలు లోపం డబ్బా సైజులో ఉందని తెలిసేసరికి సగం మొక్కలు పోయాయి.

మట్టి లెక్క వేరు, కోకోపీట్ లెక్క వేరు

కొబ్బరి పీచు తీయగా మిగిలే పొట్టే కోకోపీట్. నల్లరేగడి కుండీలో వేస్తే తడికి ముద్దవుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది. కోకోపీట్ అలా బిగుసుకోదు. తడిగా ఉన్నప్పుడు కూడా అందులో గాలి ఆడుతుంది కాబట్టి వేళ్లు త్వరగా అల్లుకుంటాయి. అందుకే కోకోపీట్‌లో చిన్న కుండీ చాలని చెబుతుంటారు. చల్లని ఊళ్లలో, రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు పెట్టగలిగినవారికి ఆ మాట నిజమే. మనకు కాదు.

మన దగ్గర కుండీ అంటే వేళ్లకు ఇల్లు మాత్రమే కాదు, నీళ్ల ట్యాంకు కూడా. బాగా తడిపి, అదనపు నీరు కారిపోయాక లీటరు కోకోపీట్‌లో అర లీటరుకు పైగా నీరు నిలుస్తుంది. అందులో మొక్క తేలిగ్గా పీల్చుకోగలిగేది సుమారు సగమే. అంటే ఐదు లీటర్ల డబ్బాలో మొక్కకు అందేది ఒకటింపావు, ఒకటిన్నర లీటర్లు. కాపు మీదున్న వంగ మొక్క మే ఎండలో రోజుకు రెండు లీటర్లు తాగినా ఆశ్చర్యం లేదు. అదే 20 లీటర్ల సంచిలో ఐదు లీటర్ల దాకా నిల్వ ఉంటుంది. పొద్దున ఫస్ట్ షిఫ్టుకు వెళ్లి సాయంత్రం దాకా మిద్దె ఎక్కలేని ఇంటికి ఈ తేడా చాలా పెద్దది.

కాబట్టి సూత్రం ఒక్కటే: మీరు పోసే రెండు తడుల మధ్య ఎన్ని గంటలుంటాయో చూసి, అంతసేపు మొక్కను నిలబెట్టే కుండీ ఎంచుకోండి.

అంగుళాలను లీటర్లలోకి మార్చుకోండి

గ్రో బ్యాగులను వెడల్పు, ఎత్తు అంగుళాల్లో చెప్పి అమ్ముతారు. అంచు దాకా నింపితే సుమారుగా పట్టేది ఇంత:

- 9 × 9 సంచి: 9 లీటర్లు
- 12 × 12 సంచి: 22 లీటర్లు
- 18 × 9 సంచి: 37 లీటర్లు
- 15 × 15 సంచి: 43 లీటర్లు

5 కిలోల కోకోపీట్ దిమ్మ నీళ్లలో నానితే సుమారు 60 నుంచి 70 లీటర్లు అవుతుంది. దాంతో మూడు 12 × 12 సంచులు నిండుతాయి.

ఏ మొక్కకు ఎంత?

- కొత్తిమీర, మెంతికూర, తోటకూర: లోతు 6 నుంచి 8 అంగుళాలు చాలు, వెడల్పు ముఖ్యం. 18 × 9 సంచి బాగుంటుంది.
- గోంగూర, పచ్చిమిర్చి: కనీసం 12 లీటర్లు. వేసవి దాటించాలంటే 20.
- వంకాయ, టమాటా: 20 లీటర్లు. మండు వేసవిలో టమాటా పూత రాలిపోతుంది, దాన్ని వానలు తగ్గాక నాటడం మేలు.
- బీర, సొర: 35 నుంచి 40 లీటర్లు.
- కరివేపాకు: ఏళ్ల తరబడి ఉండే మొక్క, కోకోపీట్ క్రమంగా కుళ్లి దిగిపోతుంది. సగం మట్టి కలిపి 40 లీటర్ల కుండీలో పెట్టండి.

పెద్దదైతే మంచిదేగా?

కాదు. చిన్న నారును ఒకేసారి 20 లీటర్ల సంచిలో పెడితే అది తాగే నీరు తక్కువ, నిలిచే తడి ఎక్కువ. జూలై ముసురులో ఆ తడికి వేరు కుళ్లుతుంది. ముందు టీ గ్లాసంత కప్పులో, తర్వాత రెండు మూడు లీటర్ల కుండీలో పెంచి, వేళ్లు అంచును తాకాక పెద్ద సంచిలోకి మార్చండి. సంచి అడుగున బెజ్జాలు తప్పనిసరి.

మిద్దె మీద బరువు కూడా చూసుకోవాలి. తడి మట్టితో నిండిన 20 లీటర్ల సంచి 30 కిలోలు దాటుతుంది. తడి కోకోపీట్ అందులో సుమారు సగమే. అయినా పాత ఇళ్లలో సంచులను శ్లాబు మధ్యలో గుంపుగా కాకుండా గోడల వెంట, దూలాల మీద పెట్టండి. నల్ల సంచి ఎండకు కాగి వేళ్లను ఉడికిస్తుంది. తెల్ల సంచి తీసుకోండి, లేదంటే చుట్టూ గోనెపట్టా కట్టి పైన షేడ్ నెట్ వేయండి.

నీళ్లు, ఎరువు

కోకోపీట్‌లో ఉప్పు ఉండవచ్చు. నింపే ముందు రెండు మూడుసార్లు కడగండి. దానికి సొంత సారం దాదాపు లేదు కాబట్టి మూడో వంతు వర్మీ కంపోస్టు కలపండి. కాల్షియం తక్కువైతే టమాటా అడుగున నల్ల మచ్చ వస్తుంది, దాన్ని గమనిస్తూ ఉండండి. నీళ్లు పోసినప్పుడు అడుగు నుంచి కొంచెం కారేదాకా పోయాలి, అప్పుడే పేరుకున్న లవణాలు బయటికి పోతాయి.

ఒక హెచ్చరిక. వేసవిలో మనందరి ఇళ్లలో కూలర్లు తిరుగుతాయి. ట్యాంకు అడుగున మిగిలిన నీటిని వృథా చేయడం ఎందుకని మొక్కలకు పోస్తుంటాం. నీరు ఆవిరైపోగా లవణాలన్నీ ఆ అడుగునే చిక్కగా చేరతాయి. కుండీ మొక్కలకు ఆ నీరు వద్దు. కూరగాయలు కడిగిన నీళ్లు, బియ్యం కడుగు నీళ్లు పోయండి.

కొత్తగా మొదలుపెట్టేవారు పది చిన్న డబ్బాల బదులు మూడు 12 × 12 సంచులు తెచ్చుకోండి. ఒకదాంట్లో గోంగూర, ఒకదాంట్లో మిర్చి, ఒకదాంట్లో వంగ పెట్టండి. తొలకరికి నాటితే, మళ్లీ మే వచ్చేసరికి ఏ మొక్క ఎన్ని నీళ్లు తాగుతుందో మీకే తెలిసిపోతుంది.