పని చూపించేవారి బాధ్యత

మన పాఠకులలో చేతిపని మీద మక్కువ గలవారు ఎందరో ఉన్నారు. విరిగిన కుర్చీని పారవేయకుండా బాగుచేసుకోవడం, మిగిలిన పలకలతో అలమార చేసుకోవడం, పూజకు చిన్న మందిరం తయారు చేసుకోవడం మన ఇళ్లలో మామూలే. ఫిజీ చెరకు తోటలలో గిర్మిట్ కాలం గడిపిన మన పెద్దలకు ప్రతి వస్తువూ కొనే స్తోమత ఉండేది కాదు. ఉన్నదానితోనే అవసరం తీర్చుకోవడం వారు నేర్చుకున్నారు. 1987 నాటి సైనిక తిరుగుబాట్ల తరువాత ఫిజీ విడిచి ఆస్ట్రేలియాకు వచ్చిన కుటుంబాలు సామానుతోపాటు ఆ అలవాటును కూడా తెచ్చుకున్నాయి. అది మంచి అలవాటు. దానిని మానమని చెప్పడం మా ఉద్దేశం కాదు.

అయితే పని నేర్చుకునే విధానం ఈ రోజులలో మారిపోయింది. పూర్వం నేర్పేవాడు నేర్చుకునేవాని పక్కనే నిలబడేవాడు. రంపం వంకరగా పోతే చెయ్యి పట్టుకొని ఆపేవాడు. నేడు నేర్పేవాడు ఫోనులో ఉంటున్నాడు. అతనికి మన చెయ్యి కనబడదు. కాబట్టి ఇతరులకు పని చూపించేవారి బాధ్యత పూర్వం కంటె పెరిగిందే గాని తగ్గలేదు. ఈ సంగతిని ఒక ఉదాహరణతో వివరిస్తాము.

చెట్టుకొమ్మల వలె, మెరుపు తీగల వలె నల్లని గీతలు కాలి ఉన్న చెక్క బల్లలను, పళ్లాలను మీరు చూచి ఉండవచ్చు. ఎక్కువ వోల్టుల విద్యుత్తు చెక్కమీద దారి వెతుక్కుంటూ కాల్చిన గీతలవి. ఇటువంటి ఆకారాలను 1777లో లిక్టెన్‌బర్గ్ అనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ధూళిమీద గమనించాడు. అందుచేత వాటికి ఆయన పేరే వచ్చింది. చూడడానికి అవి ఎంతో అందంగా ఉంటాయి. కాని వాటిని ఇంట్లో తయారు చేయడానికి చాలామంది పాత మైక్రోవేవ్ పొయ్యిలోని ట్రాన్స్‌ఫార్మరును ఊడదీసి వాడుతున్నారు. ప్రమాదమంతా అక్కడే ఉన్నది. ఆ పని ఎలా చేస్తారన్నది మేము ఇంతకు మించి రాయము.

మన ఇంటికి వచ్చే కరెంటు 230 వోల్టులు. ఆ ట్రాన్స్‌ఫార్మరు దానిని సుమారు 2000 వోల్టులకు పెంచుతుంది. మనిషి గుండె లయ తప్పడానికి ఆంపియరులో పదోవంతు కరెంటు, ఒక్కొక్కప్పుడు అంతకంటె తక్కువ చాలు. ఈ ట్రాన్స్‌ఫార్మరు దానికి కొన్ని రెట్లు ఇవ్వగలదు. "మా ఇంట్లో సేఫ్టీ స్విచ్ ఉన్నది, భయం లేదు" అని కొందరు అనుకుంటారు. ఇది పెద్ద అపోహ. సేఫ్టీ స్విచ్ చేసే పని లెక్కలు చూచే గుమాస్తా పని వంటిది. వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే క్షణంలో కరెంటును ఆపివేస్తుంది. కాని ట్రాన్స్‌ఫార్మరులో అవతలి తీగచుట్ట వేరొక వలయం. అక్కడ మనిషి ఒంటి గుండా కరెంటు పోయినా, ఇవతల పద్దు సరిగానే ఉంటుంది. గుమాస్తాకు తేడా కనబడదు. స్విచ్ పడిపోదు, మనిషి పడిపోతాడు. ప్లగ్గు తీసివేసిన మైక్రోవేవ్‌లో కూడా కెపాసిటరు అనే భాగం ప్రమాదకరమైన విద్యుత్తును కొంతసేపు నిలువ ఉంచుకోగలదని గుర్తుంచుకోవాలి.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. లేతు మిషను మీద చెక్కపని చేసేవారి సంఘమైన అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వుడ్‌టర్నర్స్ 2017లో తన సభలలో ఈ పనిని నిషేధించింది. దీనిని నేర్పే వ్యాసాలను తన పత్రికలో వేయరాదని కూడా నిర్ణయించింది. 2022 నాటికి ఆ దేశంలో 30 మందికి పైగా ఈ పనిలో చనిపోయినట్లు ఆ సంఘం సేకరించిన లెక్క. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక జంట ఈ పని వల్లనే మరణించిందని అధికారులు భావించారు. గ్యారేజీలో పుట్టిన మంట వారి ఇంటిని కూడా కాల్చివేసింది.

మన ఆస్ట్రేలియాకు చెందిన సంగతి కూడా ఒకటి ఉన్నది. సిడ్నీకి చెందిన ఆన్ రియర్డన్ ఆహార శాస్త్రం చదివినవారు, వంటల వీడియోలతో పేరు పొందినవారు. మోసపు వీడియోల గుట్టు విప్పి చెప్పడం కూడా ఆమె చేస్తూ ఉంటారు. 2022లో ఆమె ఈ మెరుపు గీతల ప్రమాదాన్ని వివరిస్తూ ఒక వీడియో పెట్టారు. యూట్యూబ్ సంస్థ ఆ హెచ్చరికనే ప్రమాదకరమైనదిగా భావించి తొలగించింది. పని ఎలా చేయాలో చూపే వీడియోలు మాత్రం అప్పటికి అక్కడే ఉన్నాయి. ఆక్షేపణలు వచ్చిన తరువాత ఆమె వీడియోను తిరిగి పెట్టారు. ఎవరో కాపలా కాస్తారులే అని మనం నిశ్చింతగా ఉండరాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక పని నేర్పడానికి మంచి పద్ధతి ఏది? ఆస్ట్రేలియాలో మెన్స్ షెడ్ అనే ఏర్పాటు ఉన్నది. ఆ పేరుతో మొదటిది 1998లో విక్టోరియా రాష్ట్రంలోని టాంగలా ఊరిలో ప్రారంభమైంది. 2007లో జాతీయ సంఘం ఏర్పడింది. అక్కడ ఉద్యోగ విరమణ చేసినవారు, ఇతరులు చేరి భుజం భుజం కలిపి చెక్కపని, ఇనుపపని చేస్తారు. కొత్తవానికి యంత్రం దగ్గర తెలిసినవారు తోడుంటారు. వీడియోలో ఈ తోడు లేదు. పైగా అందులో తప్పిన భాగాలు, ఆగి ఆలోచించిన భాగాలు కోసివేస్తారు. మిగిలిన మూడు నిమిషాలు చూచినవారికి పని అతి సులువు అనిపిస్తుంది. చూచేవారిలో పన్నెండేళ్ల పిల్లవాడు కూడా ఉండవచ్చు. చివరిలో "జాగ్రత్త" అని ఒక్క మాట అన్నంత మాత్రాన బాధ్యత తీరదు.

కాబట్టి పని చూపించేవారు ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి. చూచినవాడు తప్పు చేస్తే పోయేది ఏమిటి? పలక పోయేదైతే నిశ్చింతగా చూపించవచ్చు. వేలో కన్నో పోయేదైతే, కంటి అద్దాలు, రంపపు కప్పు, చెక్కను బిగించే పట్టు అన్నీ కనబడేట్టుగానే చూపించాలి. ప్రమాదం మాట మొదటనే చెప్పాలి. తాము ఆ పని ఎక్కడ, ఎన్నాళ్లు నేర్చుకున్నారో, వీడియోలో ఏ భాగం వదిలివేశారో కూడా చెప్పాలి. ఒక్క తప్పుతో ప్రాణం పోయేదైతే అసలు చూపించరాదు. కొరివితో తన తల గోక్కోవడం తెలివితక్కువ. ఎదుటివాని తల గోకడం పాపం.

తయారు చేసినవాడే కాక, దానిని ఇతరులకు పంపినవాడు కూడా చూపించినవాడే. ఇది మన కుటుంబాలు ముఖ్యంగా ఆలోచించవలసిన విషయం. ఎవరో తెలియనివాని మాట కంటె మామయ్య పంపిన వీడియోకు మన ఇళ్లలో విలువ ఎక్కువ. "మామయ్యే పంపాడు, మంచిదే అయి ఉంటుంది" అని మేనల్లుడు అనుకుంటాడు. ఆ నమ్మకాన్ని మనం కాపాడుకోవాలి. చెక్కమీద బొమ్మలు కాల్చాలని సరదా ఉన్నవారికి, ఆ పనికే తయారు చేసిన వేడి కలం దుకాణాలలో దొరుకుతుంది. దానితో తప్పు జరిగితే వేలు కాలవచ్చు గాని, ఇంత ప్రమాదం ఉండదు. ముగ్గులు, మామిడి తోరణాలు, దేవుని పేర్లు దానితో చక్కగా వస్తాయి.

చివరగా ప్రతి ఇంట్లో తెలియవలసిన మాటలు కొన్ని. ఎవరికైనా కరెంటు తగిలితే వారిని ముట్టుకోవద్దు. ముందు స్విచ్ ఆపండి, వీలుకాకపోతే మెయిన్ స్విచ్ ఆపండి. వెంటనే 000కు ఫోను చేయండి. పిలిస్తే పలకక, ఊపిరి సరిగా లేకపోతే, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. లేచి కూర్చొని "బాగానే ఉన్నాను" అన్నా ఆస్పత్రికి తీసుకొని వెళ్లండి, ఎందుకంటే గుండె లయ తరువాత కూడా తప్పవచ్చు.

ఈ వ్యాసాన్ని ఇంట్లోని పిల్లలకు చదివి వినిపించవలసిందిగా పాఠకులకు మా మనవి. తెలుగు చదవడం రానివారికి పెద్దలు అర్థం చెప్పగలరు. వారి చేతులు ఎన్నో మంచి పనులు చేయవలసి ఉన్నది.